ప్రెషర్ పెంచితే ఫిల్ట్రేషన్ ఎంత పెరుగుతుంది? వాల్వ్ తిప్పేముందు ల్యాబ్‌లో తేల్చుకోండిలా

నైట్ షిఫ్ట్‌లో నట్చ్ ఫిల్టర్ (అడుగున వడపోత క్లాత్ ఉండే మూత పాత్ర) నుంచి ఎమ్‌ఎల్ (మదర్ లిక్కర్, అంటే వడకట్టాక కిందికి దిగే ద్రవం) సన్నటి ధారగా పడుతుంటే చేయి ఎటు వెళ్తుందో ప్లాంట్‌లో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. నైట్రోజన్ వాల్వ్ మీదికే. ట్రైనీగా ఉన్న రోజుల్లో నా చేయీ అటే వెళ్లింది. ఒకటిన్నర కేజీ ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకు కేజీలు, ఒక కేజీ అంటే దాదాపు ఒక బార్) దగ్గర నడుస్తున్న బ్యాచ్‌ని మూడు కేజీలకు ఎక్కించాను. ధార ఒక్కసారిగా లావెక్కింది. ఇంత సులువైన పనికి సీనియర్లు తెల్లవార్లూ ఎందుకు కాపలా కాస్తారో అనుకున్నాను. పది నిమిషాలు తిరక్కముందే ధార మళ్లీ సన్నబడింది, అరగంటకు చుక్కలే మిగిలాయి. పొద్దున ప్రెషర్ వదిలేసి మ్యాన్‌హోల్ తీసి చూస్తే పైన కేక్ (క్లాత్ మీద పేరుకున్న ఘనం) మామూలుగానే ఉంది. క్లాత్‌ని అంటుకుని ఉన్న అడుగు పొర మాత్రం రెండు మూడు మిల్లీమీటర్ల మందాన నున్నగా, బిగుసుకుపోయి ఉంది. గోటితో గీరితే మైనంలా ఊడొచ్చింది.

ఆ పొర ఎందుకు ఏర్పడుతుందో, మీ ప్రోడక్ట్‌కి అది ఏ ప్రెషర్ దగ్గర మొదలవుతుందో తెలుసుకోవడానికి ఒక పూట ల్యాబ్ పని చాలు. బీటెక్‌లో ఫిల్టర్ ప్రెస్ ప్రయోగం చేసి రికార్డు రాసినవాళ్లకు లెక్క కొత్తదేం కాదు. కాకపోతే అక్కడ కాల్షియం కార్బొనేట్ స్లర్రీ (ఘనం కలిసిన ద్రవం), ఇక్కడ మీ సొంత స్లర్రీ.

ముందు లోపల ఏం జరుగుతోందో చూద్దాం

ద్రవాన్ని తోసేది ప్రెషర్. అడ్డుకునేవి రెండు: క్లాత్, దాని మీద పేరుకునే కేక్. క్లాత్ అడ్డు దాదాపు ఒకేలా ఉంటుంది. కేక్ అడ్డు మాత్రం ఎమ్‌ఎల్ దిగేకొద్దీ పెరుగుతూ పోతుంది. అందుకే మొదటి వంద లీటర్లు చకచకా దిగుతాయి, చివరి వంద లీటర్లు ప్రాణం తీస్తాయి.

1856లో ఫ్రాన్స్‌లోని డిజాన్ నగర నీటి సరఫరా గురించి రాస్తూ హెన్రీ డార్సీ అనే ఇంజినీరు ఇసుక పొర గుండా నీరు ఎలా పారుతుందో కొలిచి చూపించాడు. ప్రెషర్ తేడా రెండింతలైతే ప్రవాహం కూడా రెండింతలవుతుందని తేలింది. మనం ఇప్పటికీ వాడే ఫిల్ట్రేషన్ సూత్రానికి పునాది అదే. అయితే డార్సీ పోసింది ఇసుక. ఇసుక రేణువు నలగదు, వంగదు. మన రియాక్టర్‌లోంచి దిగేవి సూదుల్లాంటి స్ఫటికాలో, మెత్తటి ముద్దలో, హైడ్రాక్సైడ్ జెల్లో అయి ఉంటాయి. ప్రెషర్ పెంచితే అవి ఒకదానిలోకి ఒకటి ఒదిగిపోతాయి, మధ్యలో ద్రవం పోయే సందులు మూసుకుపోతాయి.

ఇంట్లో కాఫీ ఫిల్టర్ చూడండి. పొడి మీద ఆ గొడుగు బిళ్లను మెల్లగా ఆనిస్తే డికాక్షన్ నిదానంగా, బాగా దిగుతుంది. తొందరపడి గట్టిగా అదిమారా, వేడినీళ్లు పైనే నిలబడతాయి, కింద గిన్నెలో చుక్క పడదు. పొడీ అదే, నీళ్లూ అవే.

ఇంకో సంగతి గమనించాలి. కేక్ పైనుంచి కింది వరకు ఒకేలా నలగదు. ద్రవం కిందికి జారుతూ ప్రతి రేణువునూ కొంచెం కొంచెంగా తోస్తుంది. ఆ తోపులన్నీ కలిసి క్లాత్ దగ్గర భారమవుతాయి. పైపొర మీద ఏ భారమూ ఉండదు, అడుగు పొర మీద మొత్తం భారం పడుతుంది. నేను గోటితో గీరిన మైనం అక్కడిదే. బాగా నలిగే కేక్‌లో మీరు పెంచిన ప్రెషర్‌లో ఎక్కువ భాగం ఆ సన్నటి పొరను ఇంకా బిగించడానికే ఖర్చవుతుంది.

ఒకటో మెట్టు: సామాన్లు

చిన్న ప్రెషర్ లీఫ్ ఫిల్టర్ (ల్యాబ్ సైజు ప్రెషర్ వడపోత పాత్ర) కావాలి. లోపలి వ్యాసం 11.3 సెంటీమీటర్లుంటే విస్తీర్ణం దాదాపు 100 చదరపు సెంటీమీటర్లు, లెక్కకు హాయి. స్టీల్‌దై ఉండాలి, దాని మీద రేటింగ్ రాసి ఉండాలి, సేఫ్టీ వాల్వ్ పనిచేయాలి. గాజు బుక్నర్ ఫ్లాస్క్ వ్యాక్యూమ్‌కే. దానికి నైట్రోజన్ గొట్టం తగిలించి ప్రెషర్ పెట్టే ఆలోచన ఎవరికైనా వస్తే అక్కడే ఆపండి.

ప్లాంట్‌లో వాడే క్లాత్ ముక్కే తెచ్చుకోండి. వీలైతే కొత్తది ఒకటి, నాలుగైదు బ్యాచ్‌లు నడిచి ఉతికినది ఒకటి. రెండింటికీ తేడా చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. ఇంకా రెగ్యులేటర్ ఉన్న నైట్రోజన్ లైను, ఒక తూకం, ఒక మొబైల్ ఫోను. సాల్వెంట్ ఉంటే కంప్రెస్డ్ ఎయిర్ వాడకండి, నైట్రోజనే. ఫిల్టర్‌కి, కింద పెట్టే పాత్రకి ఎర్తింగ్ ఇవ్వండి. టోల్యూన్ లాంటివి క్లాత్ గుండా పోతుంటే స్టాటిక్ కరెంటు పుడుతుంది. గదిలో గాలి ఆడాలి కూడా, నైట్రోజన్ వాసన రాదు కాబట్టి నిండిపోయినా తెలియదు.

రెండో మెట్టు: స్లర్రీ

అన్ని పరుగులకూ (ఒక్కో ప్రెషర్ దగ్గర చేసే ఒక్కో వడపోత పరీక్షకూ) ఒకే బ్యాచ్ స్లర్రీ వాడాలి. పరుగుకు లీటరున్నర చొప్పున, ఒకటి చెడిపోయినా సరిపోయేలా, ఏడెనిమిది లీటర్లు ఒకేసారి తీసుకోండి. రోజంతా స్టిరర్ కింద తిప్పితే స్ఫటికాలు విరిగి పొడి అయిపోతాయి, సాయంత్రం చేసే పరుగు పొద్దున్నదానికంటే నెమ్మదిగా నడుస్తుంది. అప్పుడు తప్పు ప్రెషర్ మీద వేసేస్తాం. నేనైతే చివర్లో మొదటి ప్రెషర్‌ని ఇంకోసారి నడిపి చూస్తాను. రెండు ఫలితాలూ దగ్గర దగ్గరగా వస్తేనే ఆ రోజు లెక్క నమ్ముతాను.

ఉష్ణోగ్రత కూడా ఒకటే ఉండాలి. నీటి చిక్కదనం 25 డిగ్రీల దగ్గర సుమారు 0.89 సెంటీపాయిజ్, 50 డిగ్రీల దగ్గర 0.55. అంటే ఏసీ గదిలో ఒక పరుగు, వేడి స్లర్రీతో ఇంకో పరుగు చేస్తే ప్రెషర్ ముట్టుకోకుండానే వేగం ఒకటిన్నర రెట్లు దాటి మారిపోతుంది.

మూడో మెట్టు: మొదటి పరుగు, 1 బార్

క్లాత్ తడిపి బిగించండి. స్లర్రీ బాగా కలిపి పోసి, మూత వేసి, కింద వాల్వ్ మూసి ఉంచి 1 బార్ పెట్టండి. బీకరును తూకం మీద పెట్టి సున్నా చేయండి. తూకం అంకెలు కనిపించేలా ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, అప్పుడు కింద వాల్వ్ తెరవండి. స్టాప్‌వాచ్ ఒక చేత్తో, పెన్ను ఇంకో చేత్తో కుస్తీ పట్టే పని తప్పుతుంది. తర్వాత తీరిగ్గా వీడియో ఆపుతూ ఏ సెకనుకు ఎంత బరువుందో రాసుకోవచ్చు. నీరైతే గ్రాము అంటే మిల్లీలీటరే. సాల్వెంట్ అయితే సాంద్రతతో భాగించండి.

ఇలాంటి అంకెలు వచ్చాయనుకుందాం. ఇవి లెక్క కోసం నేను వేసుకున్నవి:

పావు లీటరుకు 28 సెకన్లు
అర లీటరుకు 88 సెకన్లు
ముప్పావు లీటరుకు 178 సెకన్లు
లీటరుకు 300 సెకన్లు

మొదటి పావు లీటరు అర నిమిషంలోపు దిగితే చివరి పావుకు రెండు నిమిషాలు పట్టింది. కేక్ పెరగడం అంటే ఇదే.

నాలుగో మెట్టు: గీత గీయడం

ప్రతి చోటా సమయాన్ని ఘనపరిమాణంతో భాగించండి. పై అంకెలకు వరసగా 112, 176, 237, 300 వస్తాయి. అడ్డంగా లీటర్లు, నిలువుగా ఈ అంకెలు వేసి గ్రాఫ్ గీస్తే నిట్టనిలువుగా కాకుండా ఏటవాలుగా చక్కటి సరళరేఖ వస్తుంది. దాని స్లోప్ 250, నిలువు గీతను తాకే చోటు 50. స్లోప్ కేక్ సంగతి చెబుతుంది, ఆ 50 క్లాత్ సంగతి చెబుతుంది. లీటరుకు పట్టిన 300 సెకన్లలో 250 కేక్ తిన్నవి, 50 క్లాత్ తిన్నవి.

మొదటి ఒకటి రెండు చుక్కలు గీత మీద కూర్చోకపోతే కంగారు పడకండి, ప్రెషర్ కుదురుకునేలోపు వచ్చినవి అవి. వదిలేయండి. మొత్తం గీతే పైకి వంగుతూ పోతే మాత్రం సన్నటి పొడి క్లాత్‌లోకో కేక్ సందుల్లోకో దిగుతోందని అనుమానించాలి. చివర్లో అడ్డంగా పడుకుంటే ఘనం ముందే అడుక్కి దిగిపోయి, మిగిలిన తేట ద్రవం పెరగని కేక్ గుండా పోతోందన్నమాట. బరువైన స్ఫటికాలకు ఇది మామూలే.

కేక్ నిరోధాన్ని, అంటే ఆల్ఫాని, అసలు యూనిట్లలో కావాలనుకునేవాళ్లకు: స్లోప్‌ని 2తో, విస్తీర్ణం వర్గంతో, ప్రెషర్‌తో గుణించి, చిక్కదనం, లీటరు ఎమ్‌ఎల్‌కు పేరుకునే ఘనం ఈ రెండిటితో భాగించండి. లీటర్లని ఘనమీటర్లలోకి మార్చడం మరిచిపోకండి, అందరూ తప్పేది అక్కడే. లీటరుకు 50 గ్రాముల ఘనం, నీటి చిక్కదనం అనుకుంటే మన ఉదాహరణకు కేజీకి 10¹¹ మీటర్లు వస్తుంది. మరీ సులువూ కాదు, మరీ మొండీ కాదు. 10⁹ అయితే కళ్లు మూసుకుని ఫిల్టర్ చేయొచ్చు, 10¹³ అయితే టెన్షన్ మొదలు.

ఐదో మెట్టు: 2 బార్, 4 బార్

కేక్ తీసి, క్లాత్ మార్చి లేదా బాగా కడిగి, కొత్త స్లర్రీతో ఇదే పని 2 బార్ దగ్గర, 4 బార్ దగ్గర చేయండి. ఒకే కేక్ మీద ప్రెషర్ మార్చుకుంటూ పోకండి. ఒకసారి నలిగిన కేక్ ప్రెషర్ తగ్గించినా పూర్తిగా తిరిగి లేవదు. ఆ రాత్రి నేను తిరిగి ఒకటిన్నరకు దించినా ధార రాకపోవడానికి కారణం అదే.

ఇప్పుడు ఇలా వచ్చిందనుకుందాం. 2 బార్ దగ్గర స్లోప్ 190, క్లాత్ అంకె 32. 4 బార్ దగ్గర స్లోప్ 144, క్లాత్ అంకె 26. లీటరు దిగడానికి పట్టిన సమయం 300 నుంచి 222కి, అక్కడి నుంచి 170కి తగ్గింది. నాలుగు రెట్ల ప్రెషర్ పెడితే 75 సెకన్లలో కావాలని ఆశపడ్డాం, వచ్చింది దాదాపు మూడు నిమిషాలు.

ఆరో మెట్టు: ఎస్ ఎంత?

ప్రతి స్లోప్‌ని దాని ప్రెషర్‌తో గుణించండి: 250, 380, 576. కేక్ అసలు నలగకపోతే మూడూ ఒకటే రావాలి. ఇక్కడ ప్రెషర్ రెట్టింపైన ప్రతిసారీ నిరోధం 1.52 రెట్లయింది. 1.52 లాగరిథమ్‌ని 2 లాగరిథమ్‌తో భాగిస్తే 0.6. పుస్తకాల్లో ‘ఎస్’ అని రాసే కంప్రెసిబిలిటీ అంకె ఇదే. ఇసుకలాంటి గట్టి రేణువులకు ఇది సున్నాకు దగ్గరగా ఉంటుంది, మామూలుగా 0.2 నుంచి 0.8 మధ్య కనిపిస్తుంది, జెల్‌లాంటి ముద్దలకు పైఅంచుకు వెళ్తుంది.

దీన్ని నోట్‌బుక్ అట్ట మీద రాసిపెట్టుకోండి. ప్రెషర్ రెట్టింపు చేస్తే, ఎస్ 0 అయితే వేగం 2 రెట్లు. 0.2 అయితే 1.74 రెట్లు, 0.4 అయితే 1.52, 0.6 అయితే 1.32, 0.8 అయితే 1.15. ఎస్ ఒకటికి చేరితే ఎంత తోసినా వేగం అంతే.

క్లాత్ అంకెలనూ అలాగే గుణించి చూడాలి, చాలామంది ఇది చేయరు. 50, 64, 104 వస్తాయి. 4 బార్ దగ్గర క్లాత్ అడ్డు రెండింతలైంది. అంటే సన్నటి పొడిని మన చేతులతో మనమే నేతలోకి దిగగొట్టాం. ఈ బ్యాచ్‌లో అంత నష్టం కనపడకపోవచ్చు. పదో బ్యాచ్‌కి ఆ క్లాత్ ఉతికినా పనికిరాదు.

ఏడో మెట్టు: ప్లాంట్‌లో దీని అర్థం

ఇక్కడ కాస్త ఆగి చూడాలి, అసలు లాభం ఉన్నది ఇక్కడే. లీటరు దిగేసరికి మన ల్యాబ్ కేక్ ఒక సెంటీమీటరు మందం ఉందనుకోండి. ప్లాంట్‌లో 20 సెంటీమీటర్ల కేక్ కడుతున్నారు. మందం 20 రెట్లు. కేక్ వల్ల పట్టే సమయం మందం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 400 రెట్లు. 1 బార్ దగ్గర 250 సెకన్లు కాస్తా లక్ష సెకన్లవుతాయి, సుమారు 28 గంటలు. 4 బార్ పెడితే 144ని 400తో గుణించండి, 57,600 సెకన్లు, 16 గంటలు.

ఇప్పుడు ప్రెషర్ ముట్టుకోకుండా, 1 బార్ దగ్గరే ఉంచి, బ్యాచ్‌ని రెండు లోడ్లుగా దించండి. ఒక్కో లోడు 10 సెంటీమీటర్లు, 25,000 సెకన్లు, ఏడు గంటలు. రెండూ కలిపి 14 గంటలు. నాలుగు రెట్ల ప్రెషర్‌తో వచ్చిన లాభం కంటే మందం సగం చేస్తే వచ్చిన లాభమే ఎక్కువ, క్లాత్ కూడా పాడవలేదు. మధ్యలో కేక్ దించడానికి రెండు గంటలు మించితే మాత్రం ఈ లాభం పోయినట్టే, ఆ లెక్క మీ ప్లాంట్‌ని బట్టి మీరే వేసుకోవాలి. ప్రొడక్షన్ మీటింగ్‌లో ‘రెండు లోడ్లు’ అనగానే ముఖాలు చిట్లుతాయి. ఈ మూడు అంకెలు కాగితం మీద పెట్టి చూపించండి.

ఎస్ 0.3 లోపు ఉంటే నేను ప్రెషర్‌నే నమ్ముకుంటాను, పాత్ర రేటింగ్ ఒప్పుకున్నంత వరకు. 0.7 దాటితే ప్రెషర్ ఆలోచన పక్కన పెడతాను. అప్పుడు చూడాల్సినవి కేక్ మందం, ఉష్ణోగ్రత, అన్నిటికంటే ముందు క్రిస్టలైజేషన్. కూలింగ్ నెమ్మదిగా చేసి, సరైన సమయంలో సీడ్ (విత్తనంలా వేసే చిన్న స్ఫటికాలు) వేసి స్ఫటికం పెద్దది చేస్తే ఫిల్టర్ దగ్గర సగం తలనొప్పి ఉండదు. మనకు కావలసింది ఎమ్‌ఎల్ మాత్రమే అయి, ఘనం పారేసేదైతే హైఫ్లో (కేక్‌ని గుల్లగా ఉంచే ఫిల్టర్ ఎయిడ్ పొడి) కలపొచ్చు. ప్రోడక్ట్ కేక్‌లోనే ఉంటే ఆ దారి మూసుకుపోయినట్టే. వేడి చేస్తే ప్రోడక్ట్ ఎమ్‌ఎల్‌లోకి కరిగి పోతుందేమో కూడా చూసుకోండి, వేగం పెరిగి ఈల్డ్ పడిపోతే ఎవరూ మెచ్చుకోరు.

ఎనిమిదో మెట్టు: వాల్వ్ తిప్పే పద్ధతి

మొదట గ్రావిటీతోనో, పావు కేజీ ప్రెషర్‌తోనో మొదలుపెట్టండి. మొదట వచ్చే మడ్డి ఎమ్‌ఎల్‌ని తిరిగి ఫిల్టర్‌లోకే పంపండి. తేట వచ్చాక, ఒకటి రెండు సెంటీమీటర్ల కేక్ కుదిరేదాకా అలాగే ఉంచండి. ఈ మొదటి పొరే తర్వాత క్లాత్‌ని కాపాడుతుంది. ఆపై అరకేజీ చొప్పున పెంచండి, ప్రతిసారీ పది నిమిషాలు ఆగి, నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తోందో రాసుకోండి. పెరిగిన ధార నిలబడితే ఇంకో అరకేజీ. పెరిగినట్టే పెరిగి పది నిమిషాల్లో పాత చోటికి వస్తే మీ హద్దు అదే, అక్కడ ఆగిపోండి.

ఎమ్‌ఎల్ మట్టం కేక్ పైభాగం దాకా దిగే సమయానికి ఆపరేటర్ అక్కడే ఉండాలి. పైన ద్రవం అయిపోగానే కేక్ పగుళ్లిస్తుంది, నైట్రోజన్ ఆ పగుళ్లలోంచి బుసకొడుతూ పోతుంది, కేక్‌లో తడి మాత్రం అలాగే ఉండిపోతుంది. ఏఎన్‌ఎఫ్‌డీ (లోపల కలిపే ఎజిటేటర్ ఉండి, వడకట్టి ఆరబెట్టే నట్చ్) అయితే ఎజిటేటర్‌తో పగుళ్లు మెత్తి నునుపు చేయొచ్చు. మామూలు నట్చ్‌లో ఆ వీలుండదు, ప్రెషర్ తగ్గించుకోవాలి.

ధార సన్నబడితే, కేక్‌ని నిందించేముందు

గేజ్ ఎక్కడుందో చూడండి. నైట్రోజన్ హెడర్ మీది గేజ్ 3 చూపిస్తుంటే ఫిల్టర్ లోపల 3 ఉన్నట్టు కాదు. లెక్కలో పనికొచ్చేది కేక్ పైన, క్లాత్ కింద ఉన్న ప్రెషర్ల మధ్య తేడా. కింద 500 మిల్లీమీటర్ల వ్యాక్యూమ్ ఉంటే ఇంకో 0.67 బార్ కలుస్తుంది. అదే కింద ఎమ్‌ఎల్ ట్యాంక్ వెంట్ ఎవరో మూసేసి ఉంటే పైన ఎంత పెట్టినా కింద ట్యాంక్‌లోనూ ప్రెషర్ కడుతుంది, తేడా సున్నా వైపు జారుతుంది. రెండు షిఫ్టులు కేక్‌ని తిట్టుకున్నాక చివరికి మూసుకున్న వెంట్ బయటపడిన సందర్భం నేను స్వయంగా చూశాను. హోస్ మడత పడిందేమో, సైట్ గ్లాస్‌లో మడ్డి పేరుకుందేమో, అవుట్‌లెట్ వాల్వ్ సగమే తెరిచి ఉందేమో చూడటానికి ఐదు నిమిషాలు చాలు. మ్యాన్‌హోల్ బోల్టు ముట్టుకునే ముందు మాత్రం ప్రెషర్ పూర్తిగా వదిలి, పాత్ర మీది గేజ్ సున్నా చూపించాక, వెంట్ తెరిచి ఉందని కూడా ఒకసారి కళ్లతో చూసుకోండి.